నాన్నమ్మ శ్రుతికి... మనవడి గిటారు!

డిసెంబరు మొదటివారం. రాత్రి ఏడున్నర. సికింద్రాబాద్‌లో మెట్టుగూడ నుంచి తిరుమలగిరి దాకా ఏ చర్చి పక్కనుంచి వెళ్లినా ఒకటే సందడి... క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. కీబోర్డు ఒకరు, డ్రమ్స్ ఒకరు, తంబుర లాంటి గొంతులతో అమ్మలూ అత్తయ్యలూ. ఓ మూల గిటారు పట్టుకుని, ముఖం ముడుచుకుని కూర్చున్న కుర్రాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడికి ఇంటర్ రెండో ఏడు. గిటారు కొనిపించుకుని ఆరు నెలలు.

ఆ కుర్రాడికి వచ్చిన కష్టం చిన్నదే. సెల్‌ఫోన్లో విన్న పాట ఇ ఫ్లాట్ శ్రుతిలో ఉంది. దానికి నాలుగు కార్డ్స్ కావాలి. ఇ ఫ్లాట్, సి మైనర్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్. నాలుగింటికి నాలుగూ వేళ్లను విరిచేవే! చూపుడువేలును కర్రలా చాచి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కిపెడితే తప్ప పలకవు. పది నిమిషాలకే చెయ్యి లాగేస్తుంది. పాట సగంలోకి వచ్చేసరికి గిటారులోంచి సంగీతం బదులు ‘టక్ టక్’మని చప్పుడు వస్తుంది.

‘‘ఈ పాట నావల్ల కాదక్కా’’ అంటాడు.

‘‘అయితే ఫోన్లో ఆ సాఫ్ట్‌వేర్ ఉందిగా... మార్చెయ్’’ అంటుంది కీబోర్డు వాయించే అక్క.

మార్చేస్తాడు. ఒక్క మీట నొక్కగానే పాటంతా జి శ్రుతిలోకి వచ్చేస్తుంది. జి, ఇ మైనర్, సి, డి. గిటారు పట్టిన మొదటి నెలలో నేర్పే కార్డ్సే అన్నీ. కుర్రాడి ముఖం వెలిగిపోతుంది. వాయించడం మొదలుపెడతాడు. అంతవరకూ పాటను ముందుండి నడిపిస్తున్న నాన్నమ్మ మాత్రం రెండో చరణం వచ్చేసరికి ఆగిపోతుంది. ‘‘మీరు పాడుకోండిరా, నేను వింటాను’’ అని కుర్చీ వెనక్కి జరుపుకుంటుంది.

ఏమైంది?

ఇది ఏదో ఒక్క ఇంటి కథ, ఒక్క చర్చి కథ అనుకోనక్కర్లేదు. గిటారు ఉన్న ప్రతి ఇంట్లోనూ, గొంతూ గిటారూ కలిసిన ప్రతిచోటా జరిగేదే. కార్డ్స్‌ను సులువైన శ్రుతిలోకి మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ నిజంగా ఏం చేస్తుంది, ఏం చేయలేదు, నాన్నమ్మ ఎందుకు ఆగిపోయింది... తెలుసుకుంటే ఇంట్లో గిటారు మూలన పడకుండా ఉంటుంది. నాన్నమ్మ పాట కూడా!

గిటారుకు పాత చుట్టం

సికింద్రాబాద్‌కు గిటారు కొత్తగా వచ్చిన వస్తువేం కాదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుమీద వెలసిన ఈ కంటోన్మెంటు ఊళ్లో తెల్లసిపాయిల బ్యాండుమేళాలూ, చర్చి ఆర్గాన్లూ మొదటినుంచీ ఉన్నాయి. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. సెయింట్ మేరీస్ 1850 నాటిది. 1874లో రైలు వచ్చింది. దానివెంటే లాలాగూడ, మెట్టుగూడల్లో రైల్వే క్వార్టర్లు, వాటిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. పండగొస్తే పాట, పెళ్లయితే డ్యాన్సు. గిటారు, పియానో ఇంటి సామాన్లలో భాగం. 1966లో దక్షిణ మధ్య రైల్వే కేంద్రం ఇక్కడే పెట్టడంతో నలుమూలల నుంచీ వచ్చిన ఉద్యోగుల పిల్లలూ ఆ వీధుల్లోనే పెరిగారు.

అదే సమయంలో తెలుగు చర్చిల్లో మరో సంప్రదాయం నడుస్తూ వచ్చింది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివారు రాసిన కీర్తనలను హార్మోనియం, తబలాలతో పాడుకునేవారు. వాటికి కార్డ్స్ లేవు. శ్రుతి ఉండేది. పాడే మనిషి గొంతు ఎక్కడ పలికితే అక్కడ హార్మోనియం పట్టేవారు. అంతే.

ఈ రెండు దారులూ ఇప్పుడు కలిశాయి. నాన్నమ్మ నోటి కీర్తనకు మనవడు గిటారు కడుతున్నాడు. ఒకరు శ్రుతి అంటారు, ఇంకొకరు స్కేల్ అంటారు, వేరొకరు కీ అంటారు. చెప్పేది మాత్రం ఒకటే.

పన్నెండు మెట్ల నిచ్చెన

వీణ చూసినవాళ్లకు గిటారు అర్థం కావడం తేలిక. వీణకు మెట్లుంటాయి. గిటారుకూ ఉంటాయి, వాటిని ఫ్రెట్స్ అంటారు. ఒక్కో మెట్టు ఎక్కితే స్వరం అర్ధస్వరం పైకి వెళ్తుంది. పన్నెండు మెట్లు ఎక్కితే మొదలుపెట్టిన స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. పాశ్చాత్యులు ఆ పన్నెండింటికీ సి, సి షార్ప్, డి, ఇ ఫ్లాట్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, ఎ ఫ్లాట్, ఎ, బి ఫ్లాట్, బి అని పేర్లు పెట్టారు. మన పాటకచేరీల్లో వాళ్లు ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర అని లెక్క చెబుతారు. సి అంటే ఒకటో శ్రుతి. ఇ ఫ్లాట్ అంటే రెండున్నర. జి అంటే ఐదు. బి ఫ్లాట్ అంటే ఆరున్నర.

సాఫ్ట్‌వేర్ చేసేదంతా ఈ నిచ్చెన మీద కూడికలూ తీసివేతలే. పన్నెండు స్వరాలకూ సున్నా నుంచి పదకొండు దాకా నంబర్లు ఇస్తుంది. పాటను నాలుగు మెట్లు పైకి జరపమంటే ప్రతి కార్డ్ నంబరుకీ నాలుగు కలుపుతుంది. పదకొండు దాటితే గడియారంలో ముల్లులా మళ్లీ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఇ ఫ్లాట్ నంబరు మూడు. నాలుగు కలిపితే ఏడు. అంటే జి. సి మైనర్ కాస్తా ఇ మైనర్ అవుతుంది. మైనర్, సెవెన్త్ లాంటి తోకలు మాత్రం మారవు. తల మారుతుంది, తోక అలాగే ఉంటుంది. ఐదో తరగతి పిల్లాడు కాగితం మీద చేయగల లెక్కే ఇది. కాకపోతే పాటలో అరవై చోట్ల కార్డ్ మారుతుంటే అరవైసార్లు చేయాలి. కంప్యూటర్ రెప్పపాటులో చేసేస్తుంది.

శ్రుతి మారితే రాగం మారదా? మారదు. స్వరాల మధ్య దూరాలన్నీ అంతే ఉంటాయి కాబట్టి పాట అదే పాట. మూడో అంతస్తులో కాపురం ఉన్న కుటుంబం సామాన్లతో సహా ఏడో అంతస్తుకు మారినట్టన్నమాట. మంచం పక్కన బల్ల, బల్ల మీద గడియారం... అన్నీ అలాగే ఉంటాయి. ఎక్కాల్సిన మెట్లే పెరుగుతాయి. నాన్నమ్మకు వచ్చిన చిక్కు కూడా అదే.

ఎందుకంత కష్టం?

పియానో మీద పన్నెండు శ్రుతులూ దాదాపు ఒకే బరువు. గిటారు అలా కాదు. దాని ఆరు తీగల్నీ ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు బిగిస్తారు. కార్డ్‌లో ఆ స్వరాలు వస్తే తీగను నొక్కక్కర్లేదు, ఊరికే మీటితే చాలు. అందుకే జి, సి, డి, ఎ, ఇ మేజర్లు, ఎ మైనర్, ఇ మైనర్, డి మైనర్... ఈ ఎనిమిదీ కొత్తవాళ్ల నేస్తాలు. రెండు మూడు వేళ్లతో పని అయిపోతుంది.

ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్ లాంటి వాటిలో ఆ ఖాళీ తీగలు పనికిరావు. అన్నింటినీ నొక్కాల్సిందే. చూపుడువేలు అడ్డుకట్టలా వేస్తారు కాబట్టి వాటికి బార్ కార్డ్స్ అని పేరు. వాటిలో పేరుమోసిన రౌడీ ఎఫ్ మేజర్! గిటారు మెడ చివర మొదటి మెట్టు దగ్గరే అడ్డంగా నొక్కాలి. అక్కడ తీగ బిగువు ఎక్కువ. చవక గిటార్లలో తీగలు చెక్కకు బాగా ఎత్తులో ఉంటాయి కూడా. దాంతో వేలిముద్ర మీద తీగముద్ర పడుతుంది తప్ప స్వరం పలకదు. ‘నా వేళ్లు పొట్టి, నాకు సంగీతం రాదు’ అని పిల్లలు తీర్మానించుకునేది సరిగ్గా ఇక్కడే. గిటారు బీరువా మీదికి ఎక్కేదీ ఇక్కడే.

నిజానికి వాళ్లకు రానిది సంగీతం కాదు, ఒక్క కార్డ్. ఆ తేడా చెప్పేవాళ్లు ఇంట్లో లేకపోతే మూడు నెలల ఫీజూ, గిటారు డబ్బూ, అన్నిటికీ మించి పిల్లల ఉత్సాహం పోతాయి. సులువైన శ్రుతి చూపించే సాఫ్ట్‌వేర్‌కు ఉన్న అసలు విలువ ఇదే.

గొప్పవాళ్లకూ తప్పలేదు

‘అలా మార్చుకోవడం దొంగదారి కాదా’ అని గురువులు కొందరు కోప్పడుతుంటారు. అయితే వాళ్లకు ఇర్వింగ్ బెర్లిన్ కథ చెప్పాలి. క్రిస్మస్ వస్తే ప్రపంచమంతా వినిపించే ‘వైట్ క్రిస్మస్’ పాట స్వరకర్త ఆయనే. బింగ్ క్రాస్‌బీ గొంతులో 1942లో రికార్డయింది. అమెరికా పాటల ప్రపంచాన్ని ఏలిన ఆ మనిషికి పియానో మీద దాదాపు ఒక్క శ్రుతే వచ్చు... ఎఫ్ షార్ప్. నల్లమెట్ల మీదే వేళ్లు ఆడేవి. మరి మిగతా శ్రుతుల్లో ఎలా? ఆయన ప్రత్యేకంగా ఓ పియానో చేయించుకున్నారు. మీట తిప్పితే లోపలి యంత్రం పక్కకు జరుగుతుంది. వేళ్లు ఎఫ్ షార్ప్‌లోనే ఆడతాయి, పియానో మాత్రం కావాల్సిన శ్రుతిలో పలుకుతుంది. ఆయన వాడిన అలాంటి పియానో ఒకటి అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

మన హార్మోనియంలోనూ ఆ ఏర్పాటుంది. స్కేల్ ఛేంజర్ హార్మోనియం అంటే అదే. ఇప్పటి కీబోర్డుల్లో ట్రాన్స్‌పోజ్ మీట ఉంటుంది. ప్రాక్టీసులో కీబోర్డు అక్కకు ఏ శ్రుతైనా ఒకటే కావడానికి సగం కారణం ఆ మీటే. పాపం, గిటారు కుర్రాడికే అది లేదు.

అసలే లేదా అంటే, ఉంది. దానిపేరు కేపో. బట్టలకు పెట్టే క్లిప్పులా ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. గిటారు మెడకు మూడో మెట్టు మీద బిగిస్తే, ఆరు తీగలూ మూడు మెట్లు పైకి జరిగినట్టే. అక్కడినుంచి జి కార్డ్ ఆకారం పట్టుకుంటే బి ఫ్లాట్ పలుకుతుంది. అలసిపోయే చూపుడువేలి పని ఈ క్లిప్పు చేసిపెడుతుందన్నమాట. ఒక్కటే లోపం... ఇది శ్రుతిని పెంచగలదు, తగ్గించలేదు.

ముప్ఫై ఏళ్ల కిందటే...

కార్డ్స్ మార్చే ప్రోగ్రాములు స్మార్ట్‌ఫోన్లతో పుట్టినవి కావు. 1990ల మొదట్లోనే మార్టిన్ లెక్లెర్, మారియో డోరియన్ అనే ఇద్దరు ‘కార్డ్’ అని ఓ చిన్న ప్రోగ్రాం రాశారు. పాట సాహిత్యం మధ్యలోనే, ఏ అక్షరం దగ్గర కార్డ్ మారాలో అక్కడే, చదరపు బ్రాకెట్లలో దాని పేరు టైపు చేయాలి. ప్రోగ్రాం వాటిని ఏరి పాట పైన చక్కగా అచ్చువేసేది. అడిగితే వేరే శ్రుతిలోకీ మార్చి ఇచ్చేది. ఆ రాత పద్ధతే తర్వాత ‘కార్డ్‌ప్రో’గా స్థిరపడింది. ఇవాళ్టికీ చాలా ప్రోగ్రాములు దాన్నే వాడుతున్నాయి. చర్చిల కోసం ఉచితంగా ఇచ్చే ‘ఓపెన్‌సాంగ్’ లాంటి సాఫ్ట్‌వేర్లు తెర మీద పాట చూపించడంతోపాటు కార్డ్స్ శ్రుతినీ మారుస్తాయి. 2013లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘కార్డిఫై’ మరో అడుగు ముందుకేసి, పాట వినిపిస్తే అందులో ఏ కార్డ్స్ ఉన్నాయో తానే పోల్చి చెబుతోంది.

కొన్నయితే ఏ శ్రుతి తేలికో కూడా చెప్పేస్తాయి. అదెలా అంటే, అదీ ఓ లెక్కే. తేలిక కార్డ్‌కు సున్నా మార్కులు, బార్ కార్డ్‌కు రెండు మార్కులు అనుకోండి. పాటను పన్నెండు శ్రుతుల్లోకీ మార్చి, ఒక్కోదాని కష్టం ఎంతో కూడితే చాలు. తక్కువ మార్కులు వచ్చిందే గెలిచినట్టు.

మన కుర్రాడి పాటనే తీసుకోండి. సి శ్రుతిలో వాయిస్తే సి, ఎ మైనర్, ఎఫ్, జి. మూడు తేలికే, ఎఫ్ రౌడీ అడ్డం పడ్డాడు. డి శ్రుతిలో డి, బి మైనర్, జి, ఎ. ఇక్కడ బి మైనర్ అడ్డం. ఎ శ్రుతిలో ఎఫ్ షార్ప్ మైనర్ అడ్డం. ఇ శ్రుతిలో సి షార్ప్ మైనర్, బి రెండూ అడ్డమే. జి శ్రుతిలో మాత్రం జి, ఇ మైనర్, సి, డి... దారి శుభ్రం! అందుకే సాఫ్ట్‌వేర్ జి వైపు వేలు చూపించింది. లెక్క ప్రకారం తప్పేం లేదు.

‘ఏం’ కాస్తా ‘జీఎం’!

తెలుగు పాటల దగ్గరకొచ్చేసరికి ఈ ప్రోగ్రాములకు కొన్ని తిప్పలున్నాయి. చాలామంది కుర్రాళ్లు తెలుగు పాటను రోమన్ అక్షరాల్లో రాసుకుంటారు. ‘ఏం’ అన్న మాటను అలా రాస్తే ఇ, ఎం అని రెండు అక్షరాలు. ఇ మైనర్ కార్డ్ గుర్తు కూడా అచ్చంగా అదే! ఏది మాటో ఏది కార్డో పాపం దానికేం తెలుసు? బ్రాకెట్లు లేకుండా రాసిన పాటను మూడు మెట్లు పైకి జరపమంటే, కొన్ని ప్రోగ్రాములు సాహిత్యంలోని ‘ఏం’ను కూడా మూడు మెట్లు ఎక్కిస్తాయి. అప్పుడది జి మైనర్ అవుతుంది. ‘ఏం చేయను’ కాస్తా ‘జీఎం చేయను’ అవుతుంది. రైల్వే ఊళ్లో జీఎం అంటే ఎవరో వేరే చెప్పాలా! ‘ఆ రోజు’లోని ‘ఆ’కూ ఇదే గతి. దాన్ని ఎ మేజర్ అనుకుని సి చేసిపెడుతుంది.

పోనీ తెలుగు లిపిలోనే రాద్దామంటే ఇంకో ఇబ్బంది. కార్డ్ పేరును సరిగ్గా అక్షరం పైన నిలబెట్టడానికి ఖాళీలు లెక్కపెట్టుకుంటూ టైపు చేస్తారు. ఇంగ్లిషులో అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండే ఫాంట్లు ఉన్నాయి కాబట్టి నడిచిపోతుంది. తెలుగులో ‘ర’కూ ‘ఘా’కూ, వత్తున్న అక్షరానికీ వత్తులేని అక్షరానికీ వెడల్పు వేరు. ఫోన్ మారగానే కార్డ్స్ అన్నీ పక్కకు జారిపోతాయి. రెండో అక్షరం మీద ఉండాల్సింది నాలుగో అక్షరం మీదికొస్తుంది. ఈ రెండు రోగాలకూ మందు ఒకటే. పాత పద్ధతిలోలా కార్డ్‌ను సాహిత్యం మధ్యలోనే, అక్షరం ముందు, చదరపు బ్రాకెట్లలో రాయడం. అప్పుడు మాట మాటే, కార్డ్ కార్డే. ఎక్కడికి తీసుకెళ్లినా చెదరదు.

ఇంకో సంగతి. బి ఫ్లాట్ అన్నా ఎ షార్ప్ అన్నా గిటారు మీద నొక్కే చోటు ఒక్కటే. తొందరపాటు ప్రోగ్రాములు ఒకే పాటలో ఒకచోట అలా, ఒకచోట ఇలా చూపిస్తుంటాయి. చూసి కంగారుపడక్కర్లేదు. ఒకే మనిషికి బడి పేరు ఒకటి, ఇంటి పేరు ఒకటి ఉన్నట్టే అనుకోవాలి. మొదట్లోనే తప్పు కార్డ్ రాసి ఉంటే మాత్రం సాఫ్ట్‌వేర్ దిద్దదు. తప్పును తప్పుగానే, కాకపోతే కొత్త శ్రుతిలో చూపిస్తుంది.

నాన్నమ్మ ఎందుకు ఆగింది?

సాఫ్ట్‌వేర్ వేళ్లను చూసింది. గొంతును చూడలేదు. అదీ జరిగింది.

ఇ ఫ్లాట్ నుంచి జి అంటే నాలుగు మెట్లు పైకి. రికార్డులో పాడింది పాతికేళ్ల గొంతు. ఆ శ్రుతే నాన్నమ్మకు అంచుల్లో అందుతోంది. దానిమీద ఇంకో నాలుగు మెట్లు! పల్లవి ఎలాగో లాక్కొచ్చింది. చరణంలో పై స్వరం దగ్గర గొంతు చీలింది. పదిమందిలో చీలిన గొంతు వినిపించడం ఇష్టంలేక ‘మీరు పాడుకోండిరా’ అంది. పోనీ అదే జిని కింది స్థాయిలో పాడదామంటే అది ఎనిమిది మెట్లు కిందికి. అక్కడ మాట గొణుగుడవుతుంది.

వయసుతో చాలామంది ఆడవాళ్ల గొంతు కాస్త కిందికి దిగుతుంది. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో క్రిస్మస్ పాట ఎత్తుకున్న మనిషి, పాట తెలియకో మతిమరుపు వచ్చో కాదు, శ్రుతి అందక ఆగిపోతుంది. ‘నాన్నమ్మకు ఓపిక తగ్గింది’ అనుకుంటారు అందరూ. తగ్గాల్సింది గిటారు శ్రుతి అని ఎవరికీ తట్టదు. అమ్మమ్మలూ నాన్నమ్మలే కాదు... మగగొంతు పాటను అదే శ్రుతిలో పాడబోయి ‘నాకు పాట రాదు’ అని మానేసే చెల్లెళ్లూ, గొంతు మారే వయసులో తరగతి గదిలో నవ్వులపాలై మళ్లీ నోరెత్తని తమ్ముళ్లూ బోలెడంతమంది.

మరైతే దారేంటి? పాతకాలపు హార్మోనియం మాస్టారి పద్ధతే. ముందు గొంతు, తర్వాత వేళ్లు.

మొదట పాడే మనిషిని ఏ వాద్యమూ లేకుండా పాడమనాలి. పాటలో అన్నిటికంటే పై స్వరం ఉన్న చోటు, అన్నిటికంటే కింది స్వరం ఉన్న చోటు రెండూ హాయిగా పలికేదాకా ఎత్తుకోమనాలి. ఆ శ్రుతి ఎంతో గిటారు మీదో, ఫోన్లోని ట్యూనర్‌తోనో పట్టుకోవాలి. నాన్నమ్మకు అది బి ఫ్లాట్ దగ్గర కుదిరిందనుకోండి. అంటే రికార్డుకంటే ఐదు మెట్లు కిందికి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ఆ శ్రుతి చెప్పాలి. బి ఫ్లాట్, జి మైనర్, ఇ ఫ్లాట్, ఎఫ్ అని నాలుగు కార్డ్స్ ఇస్తుంది. కుర్రాడి గుండె మళ్లీ జారుతుంది. నాలుగూ బార్ కార్డ్సే!

అక్కడే క్లిప్పు పని. కేపో మూడో మెట్టు మీద బిగిస్తే బి ఫ్లాట్ కాస్తా జి ఆకారం అవుతుంది. జి మైనర్‌కు ఇ మైనర్ ఆకారం, ఇ ఫ్లాట్‌కు సి ఆకారం, ఎఫ్‌కు డి ఆకారం. వేళ్లకు మొదటి నెలలో నేర్చుకున్న పాఠమే, గొంతుకు ఆరున్నర శ్రుతి. చాలా ప్రోగ్రాముల్లో ‘కేపో’ అని వేరే మీట ఉంటుంది. ఎన్నో మెట్టు మీద బిగిస్తే ఏ ఆకారాలు పట్టాలో చూపిస్తుంది. శ్రుతి మార్చే మీటొక్కటీ నొక్కి ఈ మీటను వదిలేయడం వల్లే సగం ఇళ్లలో గొంతుకూ గిటారుకూ తగవు.

గుర్తుపెట్టుకుంటే పనికొచ్చే లెక్కలు ఇంకొన్ని. ఎఫ్ కావాలంటే మూడో మెట్టు మీద కేపో పెట్టి డి ఆకారం. ఎ ఫ్లాట్‌కు ఒకటో మెట్టు మీద జి. బి కావాలంటే నాలుగో మెట్టు మీద జి, లేదా రెండో మెట్టు మీద ఎ. ఇ ఫ్లాట్‌లోనే వాయించి తీరాలంటే మూడో మెట్టు మీద సి, లేదా ఒకటో మెట్టు మీద డి. కేపో ఏడో మెట్టు దాటితే మాత్రం గిటారు మాండొలిన్‌లా పలుచగా మోగుతుంది. అలాంటప్పుడు వేరే ఆకారం చూసుకోవడం మేలు.

మరి ఎఫ్ సంగతి?

సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని రౌడీకి జన్మంతా దారి వదిలేయకూడదు. గురువుల కోపంలో న్యాయం ఉన్నది ఇక్కడే. సినిమా పాటల్లో గిటారు అందం చాలాసార్లు కార్డ్స్ పేర్లలో ఉండదు, వాటిని ఎక్కడ, ఏ తీగల మీద పట్టారన్నదాంట్లో ఉంటుంది. స్వయంగా గిటారు వాయించే ఇళయరాజా బాణీల్లో మొదట వచ్చే గిటారు ముక్కల్ని వేరే శ్రుతిలోకి మారిస్తే స్వరాలు సరిపోతాయి, సువాసన పోతుంది. కొన్ని ప్రోగ్రాములు ‘సులువు చేయి’ అంటే సెవెన్త్‌లూ, సస్పెండెడ్‌లూ తీసేసి మామూలు కార్డ్స్ ఇస్తాయి. పప్పులో పోపు తీసేసినట్టే. కడుపు నిండుతుంది, రుచి తెలియదు.

అందుకే రెండూ సాగాలి. పాట ఇవాళే తేలిక శ్రుతిలో. ఎఫ్ కార్డ్ సాధన రోజూ ఐదే నిమిషాలు. మొదట పూర్తి బార్ కాకుండా కింది నాలుగు తీగలమీద చిన్న ఎఫ్ పట్టాలి. అది పలికాక ఆరు తీగలకూ వెళ్లాలి. అదే బార్‌ను ఐదో మెట్టు దగ్గర పట్టి చూస్తే తీగ మెత్తగా లొంగుతుంది. అక్కడ అలవాటయ్యాక ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ మొదటి మెట్టు చేరాలి. గిటారు తీగలు మరీ ఎత్తుగా ఉంటే బాగుచేసేవాళ్ల దగ్గర కాస్త దించమంటే సగం నొప్పి అప్పుడే పోతుంది. తప్పు వేళ్లది కాకపోవచ్చు!

నెలకోసారి ఓ పాటను సాఫ్ట్‌వేర్ లేకుండా కాగితం మీద మార్చి చూడటం ఇంకా మంచిది. పన్నెండు స్వరాల పేర్లూ గుండ్రంగా రాసుకుని వేలు పెట్టి లెక్కపెడితే చాలు. పది పాటలు అలా చేసినవాడికి పదకొండో పాటకు ఫోన్ అక్కర్లేదు. గొంతు వినగానే కేపో ఎక్కడ పెట్టాలో చెయ్యే చెబుతుంది.

మళ్లీ ప్రాక్టీసు

డిసెంబరు రెండోవారం. అదే హాలు, అదే చలి. కుర్రాడు గిటారు మెడకు మూడో మెట్టు మీద క్లిప్పు బిగించాడు. కీబోర్డు అక్క మీట నొక్కి ఐదు మెట్లు దించింది.

‘‘నాన్నమ్మా, నువ్వే ఎత్తుకో’’ అన్నాడు.

‘‘నాకెక్కడ అందుతుందిరా... మీ పాట ఆకాశంలో ఉంటే!’’

‘‘కిందికి దించాం. చూడు.’’

నమ్మకం లేకుండానే మొదలుపెట్టింది. పల్లవి దాటింది. చరణంలో గొంతు చీలిన చోటు వచ్చింది. అందరికంటే ముందు కుర్రాడే ఊపిరి బిగబట్టాడు. పై స్వరం నిబ్బరంగా పలికింది. ఆమె కుర్చీ ఒక అడుగు ముందుకు జరిగింది.

శ్రుతి మార్చే సాఫ్ట్‌వేర్లు ఫోన్లో ఊరికే దొరుకుతాయి. ఎవరి శ్రుతికి మార్చాలో మాత్రం అవి చెప్పవు. అది పక్కన కూర్చుని పాడే మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే.